వగరు తెలిసిన నాలుక

బెంగళూరుకు ఆవల నందికొండల దగ్గర ఒక ద్రాక్షతోటకు ఆ మధ్య నలుగురు ఆడవాళ్లం, ఇద్దరు మగవాళ్లం కలిసి వెళ్లాం. తోటంతా తిప్పి చూపించాక ఒక పొడవాటి బల్ల ముందు కూర్చోబెట్టి రుచి చూడమని వైన్ పోశారు. పోస్తున్న కుర్రవాడు ఎవరినీ అడక్కుండానే ఆడవాళ్ల ముందు తియ్యటి తెల్ల వైన్, మగవాళ్ల ముందు చిక్కటి ఎర్ర వైన్ పెట్టాడు. నేను ఎర్రదాని వైపు చెయ్యి చాపితే, "అది కొంచెం హెవీ మేడమ్, మీకు ఇదైతే బావుంటుంది" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అయినా నాకు అదే కావాలన్నాను.

గ్లాసు వంచి తెల్లకాగితం మీద రంగు చూడమన్నాడు. నడుమ దాదాపు నలుపు, అంచున ఊదా. గ్లాసు తిప్పి వాసన చూశాను. నల్లద్రాక్ష, మిరియం, కొత్త పలక పెట్టె తెరిచినప్పటి కొయ్య వాసన. ఒక గుక్క తీసుకుని వెంటనే మింగకుండా నోరంతా తిప్పాను. ముందు పండు తెలిసింది. తర్వాత పులుపు. ఆ తర్వాత చిగుళ్లనీ నాలుకనీ బుగ్గల లోపలి వైపునీ పట్టి లాగేసే వగరు. "అదే టానిన్ మేడమ్. రెడ్ వైన్‌కి బాడీ ఇచ్చేది అదే" అన్నాడతను. కొత్త మాట నేర్పుతున్న ఉత్సాహం అతని గొంతులో ఉంది.

నాకు మాత్రం మా అవ్వ గుర్తొచ్చింది. బంగారుపాళ్యం దగ్గర మా ఊరి చెరువు కట్ట మీద నేరేడు చెట్టు కింద రాలిన పళ్లు ఒడి నిండా ఏరుకొచ్చి తింటుంటే, నోరు పట్టేసి ముఖం వంకర్లు పోతుంటే, "ఉప్పు చల్లుకో మే, వొగురు పోతాది" అనేది. ఆమెకు వగరులో రకాలు తెలుసు. నేరేడు వగరు వేరు, పచ్చి అరటికాయ వగరు వేరు, లేత మామిడి పిందె వగరు వేరు, కరక్కాయ వగరు వేరు. ఉగాది పచ్చడిలో ఆరింట ఒకటిగా ఏడాదికోసారి దాన్ని లెక్కపెట్టి మరీ తింటాం. ఆ కుర్రవాడు పరదేశపు మాటగా నాకిస్తున్నది నా నాలుక మీద పుట్టి పెరిగిన మాటే.

ఇంతకీ ఆ రోజు నేను చేసిన ఇంకో పని ఉంది. తిరుగు బస్సెక్కే ముందు పావు గుప్పెడు సోంపు నమిలాను. తాగింది మూడు గుక్కలు, అందులో రెండు అక్కడి పద్ధతి ప్రకారం ఉమ్మేసినవే. అయినా నోరు వాసన వస్తుందేమోనని భయం. ఎవరి భయం అది? ఎప్పటిది? ఈ వ్యాసం ఆ సోంపు గింజల దగ్గర మొదలైంది.

ఆడదాని నోరు వాసన చూడడం చాలా పాత అలవాటు. పురాతన రోమ్‌లో ఆడవాళ్లు వైన్ తాగకూడదన్న కట్టడి ఉండేది. ఆమె తాగిందో లేదో తెలుసుకోవడానికి దగ్గరి బంధువులైన మగవాళ్లు ఆమెను ముద్దు పెట్టుకునేవారని ప్లినీ, కేటో మాటగా రాశాడు. వైన్ తాగిందని పెళ్లాన్ని కర్రతో కొట్టి చంపిన భర్త కథ వలేరియస్ మాగ్జిమస్ చెప్పాడు. ఆ భర్తకు శిక్ష పడలేదు సరికదా, తప్పుపట్టిన మనిషి కూడా లేడట. ద్రాక్షతోటలతో నిండిన నాగరికత అది. దాసదాసీలు తొక్కి తీసిన రసం, ఇంటి ఇల్లాలి నాలుకకు మాత్రం నేరం.

మన దగ్గర మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలో స్త్రీని చెడగొట్టేవి ఆరు అని జాబితా ఉంది. అందులో మొదటిది మద్యపానం. భర్తకు దూరంగా ఉండడం, ఊరు తిరగడం, పరుల ఇంట ఉండడం వంటివి దాని వెనకాలే వస్తాయి. అదే అధ్యాయంలో మరో చోట, తాగే భార్య ఉండగా మరొకతెను చేసుకోవచ్చని భర్తకు వెసులుబాటు. ఈ జాబితాను పక్కపక్కన పెట్టి చూస్తే ఆరోగ్యం మాట ఎక్కడా కనిపించదు. అన్నీ ఆమె అదుపు తప్పిపోయే మార్గాలు. తాగడాన్ని తిరగడం పక్కన కూర్చోబెట్టడంలోనే ఆ భయమేమిటో తెలిసిపోతుంది.

తెలుగునేల మీద ద్రాక్షమద్యం జాడలు చాలా వెనక్కి వెళతాయి. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలం నాటి ఒక శిల్పంలో పైబట్ట లేని, గడ్డం ఉన్న మగమనిషి కొమ్ముపాత్ర పట్టుకుని కనిపిస్తాడు. అతని పక్కన మద్యభాండం. పండితులు అతన్ని గ్రీకుల మద్యదేవత డయొనైసస్‌తో పోల్చారు. రోమన్ వైన్ కూజాల ముక్కలు పుదుచ్చేరి దగ్గర అరికమేడులో దొరికాయి కాబట్టి ఆ బొమ్మ గాలిలోంచి ఊడిపడింది కాదు. అదే నాగార్జునకొండలో స్త్రీలూ ఉన్నారు. శాసనాల్లో ఉన్నారు. మహాచైత్యానికి దానాలిచ్చిన చాంతిసిరి వంటి రాజకుటుంబపు స్త్రీల పేర్లు రాతి మీద నిలిచాయి. దానమిచ్చే చేయిగా స్త్రీ చరిత్రలోకొచ్చింది. పాత్ర ఎత్తి రుచి చూసే నోరుగా మగవాడు వచ్చాడు. ఒకే కొండ మీది ఈ రెండు రాళ్లూ నాకు చాలా చెబుతాయి.

అసలు వైన్‌కు మనకున్న మాటలు చూడండి. తెలుగు బైబిల్ దాన్ని ద్రాక్షారసం అంది. పులిసి మత్తెక్కించేదానికీ, అప్పుడే పిండిన పండ్లరసానికీ ఒకే మాట. చర్చిలో ప్రభుసంస్కారం నాడు దళిత క్రైస్తవ స్త్రీ పెదవికి తగిలే గుక్క కూడా ఆ మాటతోనే పిలవబడుతుంది. బహుశా మన పల్లెల్లో ఎవరూ వాసన చూడని, ఎవరూ తప్పుపట్టని ఒకే ఒక్క గుక్క అది. ఇక బజారు మాట 'వైన్స్'. చిత్తూరు నుంచి బంగారుపాళ్యం, పలమనేరు మీదుగా బెంగళూరు పోయే రోడ్డు మీద ఆ బోర్డు ఎన్నిసార్లు చదివి ఉంటానో. లోపల ఉండేది బ్రాందీ, విస్కీ, బీరు. వైన్ వెతికినా అరుదు. ఆ బోర్డు చూస్తే మా ఊరి ఆడవాళ్లకు తోచేది ద్రాక్షపండు కాదు, ఆ వారం ఇంటికి రాని కూలి డబ్బు.

ఇక్కడ మా జిల్లా చరిత్ర చెప్పుకోవాలి. మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం మద్యనిషేధాన్ని 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మొదలుపెట్టింది. సరిగ్గా ఏడాదికి, 1938 అక్టోబరు 1న, చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. అంటే తెలుగు జిల్లాల్లో నిషేధాన్ని మొదట చూసినవాటిలో మాది ఒకటి. పోయిన ఆబ్కారీ రాబడిని పూడ్చుకోవడానికి వెతికిన దారుల్లోంచే 1939లో మద్రాసు సాధారణ అమ్మకపు పన్ను చట్టం పుట్టింది. దేశంలో అలాంటి పన్నుకు అదే నాంది. ఇంటి సరుకుల మీద మనం కట్టే పన్నుకీ, మగవాళ్ల తాగుడుకీ ఉన్న బంధుత్వం అంత పాతది. సారా రాబడి వద్దనుకున్న ప్రభుత్వం కొంత భారాన్ని సరుకులు కొనే మనిషి మీదకు తిప్పింది.

ఆ నిషేధానికి ముందు, 1930 ఏప్రిల్‌లో గాంధీ కల్లు దుకాణాల ముందూ విదేశీ బట్టల దుకాణాల ముందూ పికెటింగ్ చేసే పనిని ప్రత్యేకంగా స్త్రీలకు అప్పగించాడు. స్త్రీకి సహజంగా ఉండే ఓర్పు, పవిత్రత తాగుబోతు మనసు కరిగిస్తాయని ఆయన నమ్మకం. వేలమంది ఇళ్లలోంచి బయటికి రావడానికి అది దారి తీసింది, కాదనను. కానీ బయటికి వచ్చింది పవిత్రత పేరుతో. కల్లు దుకాణం ముందు నిలబడ్డ ఖద్దరు చీర స్త్రీ చరిత్రలోకెక్కింది. దుకాణం లోపల కూర్చుని కల్లు కొలిచి అమ్మిన ఈడిగ స్త్రీ ఎక్కలేదు. పొలం పని ముగించుకుని వచ్చి అలసట తీరడానికి మగవాడితోపాటు ముంత పట్టిన కూలి స్త్రీ అసలే ఎక్కలేదు. ఆడవాళ్లు తాగరు అన్న మాట ఏ కులం ఆడవాళ్ల గురించి? ఎవరి ఇంటి నియమం అందరి ఆడవాళ్ల స్వభావమైపోయింది?

యుద్ధకాలంలో సడలిన నిషేధం 1946లో మళ్లీ వచ్చి, 1948కల్లా మద్రాసు రాష్ట్రమంతా పాకింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక ఉపాధి పోయిన గీత కార్మికుల పక్షాన గౌతు లచ్చన్న నాయకత్వంలో పెద్ద ఆందోళన నడిచింది. 1954 నవంబరులో ప్రకాశం ప్రభుత్వం పడిపోయింది ఈ నిషేధం గొడవ మీదే. ఒకవైపు గాంధేయ నీతి, మరోవైపు బతుకుతెరువు. రెండూ గట్టి వాదనలే. వాటిని శాసనసభలో వినిపించినవాళ్లు దాదాపు అందరూ మగవాళ్లే. నిషేధం వల్ల దెబ్బలు తగ్గిన స్త్రీ ఏమంది, నిషేధం వల్ల పొయ్యి ఆరిన స్త్రీ ఏమంది అన్నది ఆ చర్చకు అవసరం లేకపోయింది.

1980ల్లో ప్రభుత్వమే సారాను పొట్లాల్లో ఊరూరికీ చేర్చింది. ఆ పథకానికి వారుణి వాహిని అని పేరు పెట్టారు. పాలసముద్రం చిలికితే పుట్టిన మద్యదేవత వారుణి. తాగే హక్కు లేని జాతికి ఆ దేవతాపదవి ఎందుకిచ్చారో తెలియదు గానీ, సర్కారు సారాకు ఆడపేరు మాత్రం బాగా అమరింది. దానికి జవాబు నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి వచ్చింది. అక్షరాస్యత తరగతుల్లో చదువుకున్న స్త్రీలు, రోసమ్మ వంటి వాళ్లు ముందుండి, ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. ఆ కథే 'ఆడవాళ్లు ఏకమైతే' అనే పాఠమై మిగతా ఊళ్లకు పాకింది. 1992లో సారా వేలంపాటలను అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం. వారుణి వాహిని తెచ్చిన ఎన్.టి. రామారావే ఈసారి నిషేధం మీద సంతకం పెట్టాడు. 1997లో అది కూడా సడలిపోయింది. 2019 అక్టోబరులో దుకాణాలు ప్రభుత్వం చేతికొచ్చాయి, 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు వాళ్లకు వెళ్లాయి. ఎన్ని చేతులు మారినా ఖజానాకు ఆ డబ్బు మీద మోజు తగ్గలేదు.

మా పెద్దమ్మ బంగారుపాళ్యం పక్క ఊళ్లో ఆ రోజుల్లో సారా అంగడి ముందు చీపురు పట్టుకుని కూర్చున్న ఆడవాళ్లలో ఒకామె. అందుకే సోంపు నమిలినప్పుడు నాకు గుర్తొచ్చిన ముఖాల్లో మనువు లేడు, మా పెద్దమ్మ ఉంది. ఆమె పోరాడినదాన్నే నేను సరదాగా గ్లాసులో తిప్పి వాసన చూశానా? నా ఈ మూడు గుక్కలు దూబగుంటకు ద్రోహమా? ఈ ప్రశ్న నాకొక్కదానికే కాదు, మన స్త్రీవాదులం చాలామందికి లోలోపల గుచ్చుకునేదే. మనం దీన్ని బయటికి మాట్లాడుకోం.

ఆ స్త్రీలు అప్పట్లో ఏమడిగారో మళ్లీ ఒకసారి గుర్తుచేసుకుంటే దారి దొరుకుతుందనుకుంటాను. మా ఊరికి నీళ్లు రావు, సారా మాత్రం టంచనుగా ఎట్లా వస్తుంది అని అడిగారు. కూలి డబ్బు ఇంటికి చేరాలన్నారు. దెబ్బలు ఆగాలన్నారు. అవి వేతనానికీ, హింసకూ, ప్రభుత్వ రాబడికీ సంబంధించిన ప్రశ్నలు. ఆ తర్వాత వేదికలెక్కిన పెద్దమనుషులు వాటిని మాతృమూర్తుల పవిత్రపోరాటంగా మార్చారు. మార్చడంలో ఒక సౌకర్యం ఉంది. పవిత్రత అయితే ఆడవాళ్లను కాపలా కాయడానికి పనికొస్తుంది, వేలంపాటల గురించి జవాబు చెప్పే పని తప్పుతుంది. 2009 జనవరి 24న మంగళూరులో పబ్‌లో ఉన్న అమ్మాయిల మీద పడి కొట్టినవాళ్లూ సంస్కృతి మాటే ఎత్తారు. సారా అంగడి ముందు కూర్చున్న మా పెద్దమ్మకూ, అమ్మాయిలను జుట్టు పట్టి లాగిన ఆ మగవాళ్లకూ ఏ పోలికా లేదు. తాగి కొట్టే మగవాడూ, తాగిందని కొట్టే మగవాడూ మాత్రం దగ్గరి చుట్టాలు.

చట్టం దగ్గర కూడా ఈ కాపలా బుద్ధి చాలాకాలం నడిచింది. మద్యం వడ్డించే చోట స్త్రీలకు ఉద్యోగం ఇవ్వకూడదని 1914 నాటి పంజాబ్ ఎక్సైజ్ చట్టంలో ఒక సెక్షన్ ఉండేది. అది ఢిల్లీకీ వర్తించేది. 2007 డిసెంబరులో సుప్రీంకోర్టు అనుజ్ గర్గ్ కేసులో ఆ నిబంధన చెల్లదంది. స్త్రీకి రక్షణ పేరుతో ఆమె ఉపాధిని తీసేయడం రక్షణ కాదని తేల్చింది. ఆ తీర్పు వచ్చేదాకా ఆ సెక్షన్ 93 ఏళ్లు బతికింది.

మళ్లీ గ్లాసు దగ్గరికి వస్తాను. ఎర్ర వైన్‌కు 'బాడీ' ఉందంటారు, చిక్కగా ఉంటే నిండైన ఒళ్లంటారు. గ్లాసు గోడ మీద జారే చారల్ని కాళ్లంటారు. తేలికైన వైన్ స్త్రీలాంటిదనీ, బరువైనది పురుషుడిలాంటిదనీ పాశ్చాత్య వైన్ రచయితలు తరాల తరబడి రాశారు. నాకు తెల్లది, మగవాళ్లకు ఎర్రది పెట్టిన కుర్రవాడి చేతి వెనక ఆ రాతలన్నీ ఉన్నాయి. నిజానికి ఆ నిండుదనానికి ఆడా మగా లేదు. నల్లద్రాక్షలోనూ చాలా రకాలకు లోపలి రసం తెల్లనిదే. తొక్కలతో కలిపి పులియబెడితేనే రంగూ వగరూ దిగుతాయి. ఆ వగరు పదార్థం లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుంటుంది, అందుకే నోరు ఆరినట్టవుతుంది. దానికి ఎక్కువ పాళ్లలో ఆల్కహాల్ తోడైతే గుక్క బరువుగా తోస్తుంది. ఓక్ పీపాలో నిలవ ఉంచితే ఆ కొయ్య వాసన చేరుతుంది. అంతే.

ఈ సాదా మాటలకు గౌరవం తెచ్చినవాళ్లలో ఒక స్త్రీ ఉంది. ఆన్ నోబుల్ 1974లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్‌లో ద్రాక్షసాగు, వైన్ విభాగంలో చేరింది. ఆ విభాగంలో మొదటి మహిళా అధ్యాపకురాలు. 1984లో ఆమె, సహచరులు కలిసి వైన్ వాసనల చక్రం ఒకటి తయారుచేశారు. గొప్పది, సొగసైనది, మగటిమి గలది వంటి మాటలకు అందులో చోటు లేదు. మిరియం, లవంగం, పొగ, ఎండుగడ్డి వంటివి ఉన్నాయి. ఎవరి వంటింట్లో అయినా ఉండేవి, ఎవరైనా వాసన చూసి సరిచూసుకోగలిగేవి. రుచి చెప్పడం పెద్దమనుషుల విద్య అన్న భ్రమకు ఆ కాగితం చక్రం పెద్ద దెబ్బ.

ఇలాంటి చక్రం తెలుగులో మా అవ్వ ఒక్కతే కూర్చుని గీయగలిగేది. ఉప్పు సరిపోయిందా, చింతపండు పాతదా, నెయ్యి మడ్డి వాసన వేస్తోందా అని ఇంటిల్లిపాదీ ఆమె నాలుకనే నమ్మేవారు. తీర్పు చెప్పే చోట మాత్రం ఆ నాలుక పనికిరాదు. మా ప్రాంతపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో నేను చూసింది కూడా ఇదే. తోతాపురి కాయ కడిగేదీ, ఏరేదీ, కోసేదీ ఆడవాళ్లు. పండులో తీపి ఎంతుందో కొలిచే బ్రిక్స్ మీటరు పట్టుకుని లోపలి గదిలో ఉండేది మగవాడు. నందికొండల తోటలోనూ ద్రాక్ష ఎప్పుడు కోయాలో అదే పరికరంతో చూస్తారు. 24 బ్రిక్స్ దగ్గర కోస్తే వైన్‌లో ఆల్కహాల్ 13, 14 శాతం దాకా వస్తుంది. రెండు చోట్లా కాయ కోసే చేతులు ఆడవాళ్లవే. 2025 జూలైలో తోతాపురి ధర పడిపోయి బంగారుపాళ్యం మార్కెట్ యార్డు రాష్ట్రమంతటా వార్తయింది. టన్నులు, ధరలు, పార్టీలు అన్నీ చర్చకొచ్చాయి. కాయ కోసే ఆడవాళ్ల కూలి మాట నాకెక్కడా వినపడలేదు.

అందుకే, వైన్ గ్లాసు పట్టుకోవడమే విముక్తి అని నేనననే అనను. ఆ రోజు నేను కొన్న సీసా ధర మామిడి కోసే ఆమెకు రెండు మూడు రోజుల కూలి. నగరాల్లో చదువుకున్న కొద్దిమందిమి నాలుక విప్పుకుంటే, మిగతా వాళ్ల నోళ్లు మూతపడే ఉంటే, అది పెద్ద గెలుపేం కాదు. ఇంకో మాట కూడా చెప్పాలి. అలవాటుగా మారితే మద్యం ఆడవాళ్ల ఒంటికీ చేటే. నేనడుగుతున్నది తాగే హక్కు కంటే చిన్నదీ, పాతదీ. ఏదైనా నోట్లో పెట్టుకుని ఇది ఇట్లా ఉంది అని చెప్పే హక్కు. చెప్పాక ఎవరూ వచ్చి మన నోరు వాసన చూడని హక్కు.

చివరికి మా పెద్దమ్మకు చెప్పాను. నెల రోజులు పట్టింది ధైర్యం చేయడానికి. పెరట్లో చిక్కుడుకాయలు తుంచుతోంది. తల ఎత్తలేదు.

"ఎవురి దుడ్డుతో తాగితివి?" అంది.

"నా జీతం దుడ్డే పెద్దమ్మా."

"తాగి ఎవుర్నన్నా కొడితివా?"

"లేదు."

"ఇంట్లో బియ్యం లేకుండా చేస్తివా?"

"లేదు పెద్దమ్మా."

"ఇంగేం మే" అని మళ్లీ చిక్కుడుకాయల్లో పడింది. కాసేపటికి చేతులాపి నా వైపు తిరిగింది. "సరే గానీ, ఎట్లుంది?" అనడిగింది.

నేరేడు పండు మాదిరి ఉందని చెప్పాను. ముందు తీపనిపిస్తుంది, తర్వాత పులుపు, ఆపైన నోరంతా పట్టేస్తుంది అన్నాను. ఆమె ఒక్క నిమిషం నాలుకను అంగిటికి ఆనించి, తన నోట్లో దాన్ని ఊహించుకుంటున్నట్టు కూర్చుంది.

"ఉప్పు చల్లుకోకపోతివా" అంది.